నాలుగేళ్ళ కాళ్ళకి అందే బడి

ఈ ఏడాది మా వీధిలో చిన్నపిల్లలున్న వాళ్ళు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు, "అక్కా, ఏ స్కూల్లో వేస్తే మంచిది?" అని. ముగ్గురినీ నేను తిరిగి అడిగింది కూడా ఒకటే. పొద్దున్న ఎవరు దింపుతారు, దేని మీద దింపుతారు, ఆ దింపే మనిషికి జ్వరం వస్తే ఎవరు వెళ్తారు? మీడియం, ఫీజు, యూనిఫాం అన్నీ ఆలోచించుకుని వచ్చినవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయారు. రెండేళ్ళ క్రితం నేను కూడా ఇది ఆలోచించలేదు, దానికి మా పాప మడమ మీద ఇప్పటికీ మచ్చ ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేముండేది పర్లాకిమిడిలో, ఒడిశా గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా ఆయన పని గుణుపూర్ వైపు, ఉన్న ఒక్క బైకు పొద్దున్న ఆరింటికే ఆయనతో వెళ్ళిపోతుంది. కారు లేదు, ఇప్పట్లో కొనేదీ లేదు. పాపకి ఏడేళ్ళు, రెండో క్లాసు. బాబుకి నాలుగు నిండాయి, నర్సరీ.

పాపని మొదట పాతపట్నంలో వేశాం. కారణం తెలుగే. సరిహద్దులో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ బెంగ ఎప్పుడూ ఉంటుంది, పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడే భాష రేపు చదవలేకపోతుందేమో, అమ్మమ్మకి నాలుగు ముక్కలు రాయలేకపోతుందేమో అని. ఆ బెంగ తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ ఐదేళ్ళ పిల్లని రోజూ రాష్ట్రం దాటించడం అంటే ఏమిటో మాకు తెలియలేదు. ఇక్కడ కొత్త క్లాసులు ఏప్రిల్‌లో మొదలైపోతాయి, అక్కడ జూన్‌లో. రథయాత్ర రోజు మా ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, పాపకి మాత్రం బడి. సంక్రాంతికి అక్కడ వారం పైగా సెలవులు, ఇక్కడ పక్కింటి పిల్లలు బడికి పోతుంటే ఇది గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండేది. మా ఎదురింట్లో ఒక పిల్లాడు ఇక్కడ, ఒక పిల్ల అక్కడ చదివేవారు. ఆ తల్లికి ఏడాది పొడుగునా ఎవరో ఒకరికి బడి ఉన్నట్టే, ఎవరో ఒకరు ఇంట్లో ఉన్నట్టే. పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండటానికి ఇద్దరికీ కలిసిన సెలవులే దొరికేవి కాదు.

ఆటో మాట్లాడాం. ఆటోకి డ్రైవరు కాక ముగ్గురు ఎక్కాలని నిబంధన. మా పాప ఎక్కిన ఆటోలో తొమ్మిదిమంది, డ్రైవరు సీటు మీద చెరో పక్కా ఒకరు, బ్యాగులన్నీ బయట కొక్కేలకి వేలాడుతూ. నేను కళ్ళారా చూశాను, చూసి కూడా ఎక్కించాను. అందరూ ఎక్కిస్తున్నారు కదా అనుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం మూడున్నరకి రావాల్సిన పిల్ల నాలుగున్నరైనా రాలేదు. డ్రైవరు ఫోను ఎత్తడు. స్కూలుకి చేస్తే "ఆటోలో వెళ్ళిపోయి ఉంటుందండీ" అన్నారు. బాబుకి అప్పుడు రెండేళ్ళు, వాడిని అత్తయ్యకి ఇచ్చి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను. చివరికి చూస్తే గేటు పక్కన వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉంది. ఆటో దారిలో పాడైందట, డ్రైవరు మిగతా పిల్లల్ని వేరే బండిలో సర్దేశాడు, ఇది బాత్రూంకి వెళ్ళి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. ఏడవలేదు. "నువ్వు వస్తావని తెలుసమ్మా" అంది. ఆ మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి సైకిల్. కాలేజీ రోజుల నాటి లేడీస్ సైకిల్ ఉంది నాకు, మేస్త్రీ దగ్గర ట్యూబులు మార్పించి, వెనక క్యారియర్ మీద దిండు కట్టించాను. పొద్దున్న వెళ్ళి రావడం, మధ్యాహ్నం వెళ్ళి రావడం. కష్టమే గానీ ఆ నెల రోజులూ నాకు బాగా గుర్తున్నాయి, వంతెన మీద గాలి, వెనక నుంచి నా నడుం పట్టుకుని అది పాడే పాటలు. పొద్దున్న పిల్లలు చురుగ్గా ఉంటారు. మధ్యాహ్నం వేరు. పొద్దుటి నుంచి అలసిపోయిన పిల్ల, ఎండ, ఊగుతున్న సైకిల్. వంతెన దాటి వస్తుంటే పాప నిద్రలోకి జారింది, కాలు వేలాడి వెనక చక్రం చువ్వల్లోకి వెళ్ళింది. చక్రం బిగుసుకుపోయింది. నేను ముందు ఏదో రాయి అనుకున్నాను. మడమ వెనక చర్మం లేచిపోయింది, ఐదు కుట్లు, మూడు వారాలు బడి లేదు. ఎముకకి ఏమీ కాలేదు. కుట్లు వేసిన డాక్టరు ఇలాంటి మడమలు తను చాలా చూశానని చెప్పారు.

సైకిల్ మీద పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు దయచేసి ఇది చదవండి. లేడీస్ సైకిల్‌కి చీర చక్రంలో పడకుండా వల ఉంటుంది, చాలా సైకిళ్ళకి అది ఒక్క పక్కనే. రెండో పక్క చువ్వలు అలాగే తెరిచి ఉంటాయి. పిల్ల రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుంటుంది కదా! మా మేస్త్రీ తర్వాత రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ వల తీగతో బిగించాడు, కాళ్ళు పెట్టుకోవడానికి కింద రెండు కడ్డీలు వేశాడు, వీపుకి ఆనిక ఉన్న చిన్న సీటు, దానికి బెల్టు. పెద్ద ఖర్చేమీ కాదు. కాళ్ళకి ఆధారం దొరికితే పిల్లలు కాళ్ళు ఊపరు, అసలు కీలకం అదే. చున్నీ నడుముకి కట్టుకోండి, వదిలేయకండి. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు ఆపకుండా మాట్లాడుతూనే ఉండండి, జవాబు రావడం ఆగిందంటే సైకిల్ దిగి నడిపించండి.

అప్పుడే మా మరిది పాత స్కూటీ ఒకటి ఇప్పిస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ బాబు కూడా బడికి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది, నేను లెక్క వేసుకున్నాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపే మనిషి కాక ఇంకొక్కరే. చిన్నపిల్లలకి ఇందులో మినహాయింపు లేదు. నేనూ ఇద్దరు పిల్లలూ అంటే ట్రిపులే, 1000 రూపాయల జరిమానా సంగతి అలా ఉంచితే లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి 2023 ఫిబ్రవరి 15 నుంచి వేరే నిబంధన అమల్లో ఉంది. పిల్లాడికి జాకెట్‌లా తొడిగి, దాని పట్టీలు నడిపేవాళ్ళ భుజాలకి తగిలించుకునే బెల్టు ఉండాలి, అది 30 కిలోల బరువు ఆపగలగాలి, తొమ్మిది నెలలు దాటితే పిల్లాడి తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. మా ఊళ్ళో ఈ బెల్టు కట్టుకున్న తల్లిని నేను ఇంతవరకు చూడలేదు. ఒక్క పిల్లే ఉన్నవాళ్ళు స్కూటీ మీద వెళ్తుంటే మాత్రం ఈ బెల్టు తప్పకుండా కొనండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇంకో మాట, పిల్లాణ్ణి ముందు కాళ్ళు పెట్టుకునే చోట నిలబెట్టి తీసుకెళ్ళకండి. బ్రేకు వేస్తే ముందు తగిలేది వాడి ముఖమే. ఆగి ఉన్నప్పుడు వాడి చెయ్యి యాక్సిలరేటర్ మీద పడితే బండి ఎటు దూకుతుందో ఎవరికీ తెలియదు.

ఇంత లెక్క వేశాక అర్థమైంది, నేను ఇన్నాళ్ళూ బండి మార్చుకుంటూ వచ్చాను గానీ మార్చాల్సింది బడిని.

మా ఇంటి నుంచి 900 మీటర్లలో ఒక ఇంగ్లీషు మీడియం బడి ఉంది, చిన్నది. ఒడియా నేర్పుతారు, తెలుగు లేదు. చేర్చే ముందు నేను ఆ దారిలో మూడు రోజులు ఉత్తగా నడిచాను, సరిగ్గా బడి వేళకే, బాబు చెయ్యి పట్టుకుని. ఇది అందరూ చెయ్యాలి. ఆదివారం సాయంత్రం వెళ్ళి చూసే రోడ్డు, సోమవారం పొద్దున్న చూసే రోడ్డు ఒకటి కాదు. నేనొక్కదాన్నే వెళ్తే పదకొండు నిమిషాలు. బాబుతో ఇరవై ఐదు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఒకటి నుంచి ఐదు తరగతుల బడి 1 కిలోమీటరు నడకదూరంలో, ఆరు నుంచి ఎనిమిది వరకు 3 కిలోమీటర్లలో ఉండాలని రాసి ఉంది. నాకు చదివినప్పుడు అది కాగితం మీది అంకెలా అనిపించింది. నాలుగేళ్ళ పిల్లాడితో నడిచాక ఆ 1 కిలోమీటరు ఎందుకు పెట్టారో తెలిసింది. ఆ దూరం దాటితే వాడు "ఎత్తుకో" అంటాడు, బ్యాగుతో సహా.

అత్తయ్యకి మొదట నచ్చలేదు. "గుంటడికి కాళ్ళు నొప్పెట్టవా? చూసినోళ్ళు ఏటనుకుంటారు?" అన్నారు. డబ్బుల్లేక నడిపిస్తోంది అనుకుంటారని ఆవిడ బాధ. అనుకున్నారు కూడా, ఒకావిడ నా ఎదుటే అంది. ఆ రోజు నొచ్చుకున్నాను. మామయ్యగారు మాత్రం నా పక్షం. ఆయన చిన్నప్పుడు కాశీనగర్ నుంచి చిన్న రైలెక్కి ఇక్కడి హైస్కూలుకి వచ్చేవారు. 1900లో మొదలైన నారోగేజ్ రైలు అది, బ్రాడ్‌గేజ్ అయ్యింది 2011లో. స్టేషన్ నుంచి బడికి గుంపుగా నడిచి వచ్చేవాళ్ళమని, ఎక్కాలు ఆ దారిలోనే బట్టీ పట్టామని చెబుతారు.

నడకలో ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే నేను ముందుగా ఊహించనిది అదే. పాప ఒడియా చదవడం నేర్చుకున్నది సగం దారిలోనే. మందుల షాపు, బట్టల షాపు, బియ్యం కొట్టు, ఒక్కో బోర్డు దగ్గర ఒక్కో అక్షరం. "అమ్మా, మన అక్షరాలకి తలకట్టు ఉంటే వీటికి గొడుగు ఉందేంటి?" అని అడిగింది ఒక రోజు, ఒడియా అక్షరాల పైన ఉండే ఆ గుండ్రటి వంపు చూసి. ఇంటికొచ్చి పలక మీద రెండూ పక్కపక్కన రాసుకుంది. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అరగంట నేను తెలుగు చెబుతాను, పొద్దున్న దారి ఒడియా చెబుతుంది. తెలుగు కోసం రాష్ట్రం దాటించిన పిల్లకి అక్కడ ఏడాదిలో వచ్చినదాని కన్నా ఇంట్లో ఆ అరగంటలో ఎక్కువ వచ్చింది. రోజూ ఆటోలో అలిసిపోయి వచ్చి ఏడింటికే నిద్రపోయే పిల్లకి నేను ఏం నేర్పగలిగేదాన్ని?

బాబు ఆగే చోట్లు వేరు. మేకలు, వెల్డింగు షాపు, కొండ మీద నుంచి పనస కాయలో చీపుళ్ళో బుట్టల్లో పెట్టుకుని దిగే సవర గిరిజన ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె రోజూ వాడితో రెండు మాటలు సవరలో అంటుంది, వాడు తెలుగులో జవాబిస్తాడు, ఇద్దరికీ బాగానే అర్థమవుతున్నట్టు ఉంటుంది.

ఆమెని చూసినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వాడుక భాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. ఆయన మాస్టారుగా పని చేసింది మా పర్లాకిమిడి రాజావారి బడిలోనే. ఇక్కడే సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బళ్ళు పెట్టించారు. పిల్లలు కొండ దిగి రావాలని కూర్చోలేదు, బడినే వాళ్ళ దగ్గరికి, వాళ్ళ మాటలోకి తీసుకెళ్ళారు. పిల్లలు తక్కువున్నారని పల్లెల్లో చిన్న బళ్ళని పక్క ఊరి బళ్ళలో కలిపేస్తుంటే ఆ పక్క ఊరికి ఆరేళ్ళ పిల్ల ఎలా వెళ్తుందో ముందు ఎవరైనా నడిచి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. గుమ్మ, నువాగడ వైపు కొండ దారుల్లో ఉన్న తల్లికి నేను చెప్పే ఈ 900 మీటర్ల మాట ఏ విధంగానూ పనికిరాదు. పట్నంలో ఉండి, దగ్గర్లో బడి ఉండి, పేరు కోసం దూరం పంపేవాళ్ళకే నేను చెప్తున్నది.

నడిపించేవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు మాటలు. పిల్లల వేళ్ళు పట్టుకోకండి, చెమట పడితే జారిపోతాయి, మణికట్టు పట్టుకోండి. ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన నడవండి, ఎదురుగా వచ్చే బండి మీకు కనిపిస్తుంది, పిల్ల మీకు కుడి పక్కన, రోడ్డుకి దూరంగా ఉండాలి. అయితే మా ఊళ్ళో ఆ కుడి పక్కన మూతల్లేని కాలువ ఉంటుంది, వానొస్తే కాలువేదో రోడ్డేదో తెలియదు, అలాంటప్పుడు ముందు మీ కాలు పెట్టి తర్వాత పిల్ల కాలు పెట్టించండి. కుక్క కనిపిస్తే పరుగెత్తకూడదని ఇంట్లోనే ఆటలా నేర్పండి. లేసులున్న బూట్లు వద్దు, అంటించే పట్టీ ఉన్నవి కొనండి, దారిలో మూడుసార్లు లేసు కట్టడానికి టైం ఉండదు.

వానల్లో గొడుగు నాకు అచ్చి రాలేదు. నా చెయ్యి ఒకటి గొడుగుకి పోతే రెండో పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారు? బ్యాగు మీద నుంచి వేసుకునే రెయిన్‌కోటు మంచిది, ముదురు రంగు కాకుండా పసుపో నారింజో. నా సంచిలో ఒక జత సాక్సు, ఒక నిక్కరు, చిన్న తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంటాయి. అక్టోబరులో తుఫాను హెచ్చరిక వస్తే బడి ఉందో లేదో అని ఎదురుచూడకుండా నేను పంపడం మానేస్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఈ జిల్లాలో ఏం జరిగిందో చూసినవాళ్ళకి దీనికి వేరే కారణం చెప్పక్కర్లేదు.

ఎండాకాలం ఇంకా కష్టం. ఏప్రిల్‌లో బడి పొద్దున్న ఆరున్నరకే మొదలవుతుంది, పదిన్నరకి వదిలేస్తారు. అప్పటికే రోడ్డు కాలుతూ ఉంటుంది. ఆరింటికి పిల్లలకి ఆకలి ఉండదు, ఇడ్లీ పెడితే నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చుంటారు. చద్దన్నం పెరుగుతో కలిపి పెడితే మాత్రం గిన్నె ఖాళీ. ఇక్కడివాళ్ళు పొఖాళొ అంటారు, దాని పేరున మార్చి 20న ఒక రోజే పెట్టుకున్నారు. మా పక్కింటి మాఉసి (ఒడియాలో పిన్ని అని) దాంట్లో కాస్త వేయించిన జీలకర్ర పొడి వెయ్యమని చెప్పింది, పాపకి అది చాలా ఇష్టం. తిరిగొచ్చేటప్పుడు టోపీ, నీళ్ళు, దారిలో వేపచెట్టు కింద ఒక్క నిమిషం ఆగడం. ఆ వేపచెట్టు ఎవరూ కొట్టెయ్యకూడదని రోజూ అనుకుంటాను.

బ్యాగు సంగతి. నడిపించకపోతే నాకు దాని బరువు తెలిసేదే కాదు, ఆటోలో కొక్కేనికి వేలాడేది కదా. ఒక రోజు పాప భుజం రుద్దుకుంటుంటే బ్యాగు తీసుకెళ్ళి కిరాణా కొట్టు తూకం మీద పెట్టాను, 4 కిలోలకి కాస్త తక్కువ. పాప బరువు 20 కిలోలు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లల బరువులో పదో వంతు మించకూడదు, ఒకటి రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు, నర్సరీ పిల్లలకి అసలు బ్యాగే ఉండకూడదు. ఆ కాగితం ప్రింటు తీసుకుని టీచరు దగ్గరికి వెళ్ళాను. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఏం చెయ్యొచ్చని అడగడానికి. ఆవిడ వెంటనే ఒప్పుకుంది, క్లాసులో అలమర ఉంది, సగం నోటుపుస్తకాలు ఇప్పుడు అక్కడే ఉంటాయి. లీటరు నీళ్ళ సీసా మానేసి అరలీటరుది ఇస్తున్నాను, బడిలో నింపుకుంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఊరట ఇచ్చినది వంతులు. మొదటి రెండు నెలలు రోజూ నేనే వెళ్ళేదాన్ని, ఒకసారి జ్వరం వచ్చి మూడు రోజులు పిల్లలు బడి మానేశారు. అప్పుడు మాఉసి తనే అడిగింది, "నా మనవడూ అదే బడి కదా, నేను తీసుకెళ్తాను" అని. ఇప్పుడు మూడు ఇళ్ళు, ఐదుగురు పిల్లలు. సోమ, మంగళ నేను, బుధ, గురు మాఉసి, శుక్ర, శని ఎదురింటి అమ్మాయి, ఆవిడా ఈ ఏడాది ఇద్దరినీ ఇదే బడికి మార్చేసింది. మేం ముగ్గురం కలిసి బడిలో కాగితం రాసిచ్చాం, ఏ పిల్లని ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో, ఫోన్ నంబర్లతో సహా, ఇంకెవరు వచ్చినా పంపొద్దని. ఆ గేటు పక్క స్టూలు గుర్తొచ్చే అది రాయించాను. బడికి చేరగానే వంతు ఉన్నవాళ్ళు మిగతా ఇద్దరికీ ఒక్క మెసేజ్ పెట్టాలి. ఒక పెద్ద మనిషికి ఐదుగురు పిల్లలు మించకూడదు, ఇద్దరు పెద్దపిల్లలు ఇద్దరు చిన్నవాళ్ళ చేతులు పట్టుకుంటారు. మెయిన్ రోడ్డు మాత్రం అందరూ మా చుట్టూ చేరాకే దాటతాం, లారీ ఎంత దూరంలో ఉన్నా సరే.

నాలుగు రోజులు పొద్దున్నే గంట మిగలడం అంటే ఏమిటో చిన్నపిల్లల తల్లులకి తెలుసు. ఆ గంటలో నేను కుట్టు మిషన్ దగ్గర కూర్చుంటున్నాను, రెండు జాకెట్లయినా అవుతాయి. ఆటోకి కట్టే డబ్బు కూడా మిగులుతోంది. దానితో పాపకి సొంత సైకిల్ కొనాలని అనుకుంటున్నాం, ముందు వెనక పూర్తిగా చక్రం కప్పి ఉన్నది దొరికితే.

బాబు మొన్న నా వంతు రోజున మెయిన్ రోడ్డు దగ్గర నా మణికట్టు తనే పట్టుకుని "అమ్మా, ఇటు చూడు, అటు చూడు, మళ్ళీ ఇటు చూడు" అన్నాడు. రేపు సోమవారం, నా వంతు. వాన పడేలా ఉంది, రెయిన్‌కోట్లు తీగ మీద నుంచి తీసి సంచులు గుమ్మం దగ్గర పెట్టాను.